పారేసిన కాటుక

పారేసిన కాటుక పెన్సిల్ చెత్తడబ్బాలో లేదు.

నవత డబ్బాను బోర్లించి చూసింది. టీపొడి పిప్పి, ఉల్లిపొట్టు, వాడేసిన దూది. పొద్దున తన చేత్తో వేసిన పెన్సిల్ మాత్రం మాయం. ఇది మూడోసారి. మొదట మస్కారా పోయింది, తర్వాత కాటుక డబ్బీ, ఇప్పుడిది. దొంగలు కూడా ముట్టని వస్తువును ఎవరు ఎత్తుకుపోతారు?

మణుగూరులో, బొగ్గుబాయి కంపెనీ ఇచ్చిన క్వార్టర్ ముందుగదిలోనే నవత బ్యూటీ పార్లర్. మొన్న వేసవిలో పర్ణశాల ఊరి పెళ్లికూతురికి పాత కాటుక వల్ల కన్ను వాచి, నవత నానా మాటలు పడింది. అప్పటినుంచి శుభ్రం పిచ్చి పట్టుకుంది. వారానికోసారి బ్రష్షులన్నీ సబ్బునీళ్లతో కడిగి ఎండలో ఆరబెడుతుంది. కంటికి వాడేది ఏదైనా సరే, మూడు నెలలు దాటిందా, చెత్తలోకే.

"పాతదాంట్ల పురుగులుంటయి. కంట్ల పెట్టుకున్నరో, ఇగ అంతే," అంది ఒకరోజు, వరండాలో మిషన్ వేసుకుని జాకెట్లు కుట్టే మహిమతో.

అన్నం తింటున్న మామ మొండయ్య తలెత్తాడు.

"నిజంగనే కండ్లు పోతయా బిడ్డా?"

"పోతయి మామా. ఒక్కోసారి మందులకు గూడ లొంగది."

"అబ్బో," అని మొండయ్య పప్పు కలుపుకున్నాడు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. మొండయ్య బొగ్గుబాయిలో చేస్తాడు, ఇంకా రెండేళ్ల సర్వీసుంది. నవత భర్త చందర్ కిరాయి ఆటో తోలుతాడు. పక్క క్వార్టర్ హీరాలాల్ కంపెనీ మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ అయ్యాడు, రూలు ప్రకారం ఆయన నౌకరీ కొడుక్కి వచ్చింది. మొండయ్యను మాత్రం రెండుసార్లు పరీక్షించి, రెండుసార్లూ ఫిట్ అని రాసి పంపారు. ఆ రోజునుంచి చందర్ తండ్రితో ముక్తసరిగా మాట్లాడతాడు. సాయంత్రమైతే నవ్వుకుంటూ మహిమను ఆటోలో ఆమె ఊరు పినపాక దాకా దింపి వస్తాడు.

నవతకు ఒళ్లు మండేది అక్కడే. మహిమ కళ్లకు ఎప్పుడు చూసినా దట్టంగా కాటుక. కొన్నట్టు ఒక్కనాడూ చూడలేదు. కొత్తది కొనిచ్చే దమ్ము లేక, ఈ మహానుభావుడు చెత్తలోంచి ఏరి ఇస్తున్నాడా?

"నా కాటుక పెన్సిల్ చూసినవా?" అని భర్తను అడిగింది.

"చెత్తల ఏసినదానికి నన్నడుగుతవేంది?"

చెత్తలో వేసినట్టు ఇతనికెలా తెలుసు? ఆ రోజు నవతకు అన్నం సయించలేదు. పెళ్లై ఆరేళ్లు. ఇల్లు కూలిపోతుందేమోనని మొదటిసారి భయమేసింది.

ఈ గొడవలో మామను సరిగ్గా పట్టించుకోలేదు. ఆయన కళ్లు ఎర్రబడి ఉన్నాయి. బొగ్గు దుమ్మేనని చుక్కలమందు తెచ్చిచ్చింది. వారమైనా సీసా మూత తీయలేదు. ఊరికే పెట్టలేదు ఆయనకా పేరు అనుకుంది.

శుక్రవారం ఉచ్చు పన్నింది. మూడు నెలలు దాటిన పెన్సిల్ చివర ఎర్ర నెయిల్‌పాలిష్‌తో చుక్క పెట్టి, అందరూ చూస్తుండగా డబ్బాలో వేసింది. మధ్యాహ్నానికి అది లేదు.

మహిమ నీళ్లకని లేవగానే ఆమె సంచి వెతికింది. కొత్త కాటుక డబ్బీ ఉంది, సీలు కూడా తీయనిది. ఇంటి ముందు ఆపి ఉన్న చందర్ ఆటో సీటు కింద చెయ్యి పెట్టింది. నూనె మరకల పాతగుడ్డలే. తన మీద తనకే సిగ్గేసింది. అయినా అనుమానం చావలేదు.

చెయ్యి కడుక్కుందామని పెరట్లోకి వెళ్లింది.

నల్లా పక్కన, గోడకు వేలాడే చిన్న అద్దం ముందు మామ నిలబడి ఉన్నాడు. ఎడమకన్ను కింది రెప్పను వేలితో కిందికి లాగి పట్టుకుని, లోపల రుద్దుతున్నాడు. చేతిలో పెన్సిల్. దాని చివర ఎర్రచుక్క.

"మామా, ఏంది గిది?" నవత ఆయన చెయ్యి పట్టేసింది.

మొండయ్య నీళ్లు కారుతున్న కళ్లతో కోడలి వైపు తిరిగాడు.

"సోమవారం మళ్ల బోర్డుకు రమ్మన్నరు బిడ్డా, ఈసారన్న అన్‌ఫిట్ రాస్తే వానికి నౌకరొస్తది, గింతకన్న పాతది ఉంటే ఇయ్యి."