ముందర పోయిన బైకు

రెడ్డెప్ప మళ్లీ స్టీరింగ్ పట్టిన మొదటి రోజు అది. మదనపల్లె మార్కెట్లో టమాటా బాక్సులు ఎక్కించి, తాళ్లు బిగించాడు. కుప్పం చేరాలి.

లారీ ఓనరు తిమ్మప్ప డోరు పట్టుకుని మరీ చెప్పాడు.

"సూడు రెడ్డెప్పా, ఈ తూరి ఎవునికన్నా తగిలినావో, నా బండి ముట్టద్దు. ఇంకెవురూ నీకు బండి ఇయ్యరు."

"నేను తగల్లేదన్నా. వాడే అడ్డమొచ్చినాడు."

"సచ్చింది వాడు గదప్పా!"

రెడ్డెప్ప గేరు వేశాడు.

బైకోళ్లంటే అతనికి మంట. ఎడమ పక్క దూరేది వాళ్లే. ఇండికేటర్ లేకుండా తిరిగేది వాళ్లే. తగిలితే గుంపుగా వచ్చి అద్దం పగలగొట్టేదీ వాళ్లే. అందుకే హారన్ మీద చెయ్యి తీయడు. జరిగితే జరగండి, లేకుంటే చావండి అన్నట్టు పోతాడు.

ఊరు దాటగానే ఒక బైకు సర్రున ముందుకొచ్చింది. రెడ్డెప్పకు బూతు నోటిదాకా వచ్చింది. కానీ ఆ బైకు పారిపోలేదు. కాస్త ముందరే పోతా ఉంది. గుంత వస్తే, నిదానం అని చెయ్యి ఊపాడు బైకతను. రోడ్డు ఖాళీగా ఉంటే రమ్మన్నాడు. స్కూటర్లు అడ్డం తిరగబోతే ఆపి, లారీకి దోవ ఇప్పించాడు.

ఇంత మర్యాద రెడ్డెప్పకు ఎవరూ చేయలేదు. తెలీకుండానే హారన్ మానేశాడు. ఒక ఆటోకు సైడిచ్చాడు. పాలక్యాన్ల బైకు దాటేదాకా ఆగాడు. పాలాయన చెయ్యెత్తితే తనూ ఎత్తాడు.

పుంగనూరు దాటినాక ఆ మలుపు వచ్చింది. ఆ బైకు పిల్లోడు చచ్చిపోయిన జాగా అదే. లోపల ఏమన్నా అవుతుందేమో అనుకున్నాడు. ఏమీ కాలేదు. ఎప్పుడో టైరు మార్చుకున్న జాగా మాదిరి ఉంది. ఆ పిల్లోడి పేరు కూడా గుర్తు రాలేదు. ఏదో ఇంగ్లీషు పేరు.

బైకతను మాత్రం ఆడ దిగి, రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. ఎదురొచ్చే బైకులన్నీ ఆపాడు. లారీ పూర్తిగా తిరిగేదాకా చెయ్యి దించలేదు. తర్వాత మళ్లీ ముందరికొచ్చాడు.

కుప్పంలో లోడు దించే చోట బైకూ ఆగింది. రెడ్డెప్ప రెండు టీలు పట్టుకుని పోయాడు.

"ఎవురప్పా నువ్వు? ఇన్నేండ్లలో నాకు ఇంత బాగా దోవ సూపించినోడు ల్యాడు. రేపు గూడా వస్తావా ఏంది?"

అతను హెల్మెట్ తీశాడు. నెరిసిన తల. మొహంలో కోపం లేదు, ఏడుపూ లేదు. టీ అందుకోలేదు.

"వస్తా. ఎల్లుండీ వస్తా," అన్నాడు. "నీకు దోవ సూపించేకి కాదప్పా, నా కొడుకు జెఫ్రీ మాదిరి ఇంకొక బిడ్డ నీ బండి కిందికి రాకుండా కాపలా పోతాండా."