ముద్దొచ్చే జీవి

మొహం పక్కకు తిప్పుకుని వైశాలి అచ్చు విప్పింది.

సిలికాన్ అచ్చు రెండు చెక్కలుగా విడిపోయింది. మధ్యలోంచి ఆ జీవి జారి ఆమె అరచేతిలో పడింది. జానెడు పొడవుంది. కప్ప ఒళ్లు, మనిషి చేతులు. మెడ అన్నదే లేదు. పొట్ట మడతలు పడి తొడల మీదికి జారింది. లావుపాటి పెదవుల మధ్య నుంచి నాలుక బయటికొచ్చి కుడి బొటనవేలి కొసను తాకుతోంది. రెజిన్ ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. వేళ్లకు జిగటగా అంటుకుంది.

దాన్ని బల్ల మీద పెట్టి, బాత్రూంలోకి వెళ్లి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది.

వికారాబాద్ స్టేషన్ వెనక వీధిలో, మేడ మీది గదిలో ఆమె పని. లోకంలో లేని జీవులను మట్టితో చేస్తుంది. వాటికి అచ్చు తీసి రెజిన్ పోస్తుంది. గరుకు కాగితంతో రుద్ది రంగులేస్తుంది. కొమ్ముల ఎలుకలు, రెక్కల తాబేళ్లు హైదరాబాద్ గ్యాలరీల దాకా వెళ్లాయి. ఇష్టపడి కొనుక్కునేవాళ్లున్నారు. సెలవు రోజుల్లో భర్త నిఖిల్ రెజిన్ కలిపి పెడతాడు.

ఇన్నేళ్లలో ఆమె చేసిన ఏ బొమ్మా ఆమెను ఇట్లా చేయలేదు. దీన్ని మొదలుపెట్టినప్పటి నుంచి చేత్తో అన్నం కలుపుకోవడం మానేసింది. చెంచాతో రెండు ముద్దలు మింగి లేచిపోతోంది.

నిఖిల్ చూసి చూసి అడిగాడు.

"గింత అసహ్యమైతే ఎందుకు చేస్తున్నవ్?"

"చూసినోళ్లకు గూడ గిట్లనే కావాలె."

పెదవులకు మెరుపు పూత మూడుసార్లు వేసింది. చాలన్నాడు నిఖిల్. ఇంకా తడిగా కనబడాలంది. బొటనవేలి గోరు నల్లగా, దెబ్బ తగిలి చచ్చిన గోరులా ఉండాలంది. సాయం చేద్దామని అతను రంగు తీసుకుని, పొరపాటున ఎడమ చేతి గోరుకు వేశాడు. ఆమె బ్లేడుతో ఆ రంగు గీకింది. రంగు పోయాక కూడా గీకుతూనే ఉంది. లేని జీవికి ఏ చెయ్యైతే ఏముందని అతను నవ్వాడు. ఆమె కుంచె లాక్కుని కుడి గోరుకు నల్లరంగు వేసింది.

అనంతగిరి గుట్టకు పోయే దారిలో కొత్తగా తెరిచిన గ్యాలరీలో ప్రదర్శన. ఆ జీవిని హాలు మధ్యలో, నేరుగా దీపం కింద పెట్టించింది వైశాలి. జనం మొహాలు కనబడేలా ఓ మూల నిలబడింది.

ఎవరి మొహమూ మారలేదు.

వచ్చినవాళ్లు దాని పక్కన వంగి ఫోటోలు దిగారు. గ్యాలరీ నడిపే ఆవిడ పరుగున వచ్చి, అందరూ దీన్నే అడుగుతున్నారని, ఇంకో డజను పోసివ్వాలని చెప్పింది. నోట్లో వేలేసుకున్న పాపాయిలా ఉందట. అప్పటికే 'బుజ్జి' అని రాసి కింద అతికించింది కూడా. వైశాలి ఆ చీటీని గోటితో పీకేసింది. ఆవిడకేమీ అర్థం కాలేదు.

మధ్యాహ్నం రైల్లో తాండూరు నుంచి వైశాలి తల్లి కౌసల్యమ్మ వచ్చింది. వైశాలి ఆమెను ఏ ఎలుక దగ్గరా, ఏ తాబేలు దగ్గరా ఆగనివ్వలేదు. చెయ్యి పట్టుకుని నేరుగా హాలు మధ్యకు తీసుకెళ్లింది. పక్కన నిలబడి తల్లి మొహమే చూసింది.

కౌసల్యమ్మ అద్దాలు పెట్టుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత దాని బుగ్గ గిల్లింది.

"నోట్ల ఏలు పెట్టుకొని ఎంత ముద్దుగున్నది బిడ్డా."

"జర మంచిగ చూడు అమ్మా."

"చూసిన గద. మస్తుగున్నది."

వైశాలి వెనకవైపు నల్లా దగ్గరికి వెళ్లి కక్కుకుంది. తిన్నదేమీ లేదు, నీళ్లే వచ్చాయి. మొహం కడుక్కుని వచ్చి, తల్లికి చాయ్ ఇప్పించి, సాయంత్రం రైలెక్కించింది.

ఇంటికెళ్లి అచ్చును ముక్కలు చేయమని నిఖిల్‌కు చెప్పింది. ఇంత మంచి పని మళ్లీ చేయలేవని అతను బతిమాలాడు. ఆమె కత్తెర తీసుకుని తనే కోసింది. ఉన్న ఒక్క బొమ్మనూ ఇంటికి తెచ్చి పగలగొట్టాలనుకుంది.

ఆఖరి రోజు అట్టపెట్టె పట్టుకుని గ్యాలరీకి వెళ్లింది. హాలు దాదాపు ఖాళీ. ఆ జీవి ముందు బుర్ఖా వేసుకున్న ఒకామె నిలబడి ఉంది. వయసు తనంతే ఉంటుంది. పక్కన ఆమె కూతురు, రెండో తరగతి చదివే వయసు.

పిల్ల దాని పొట్ట ముట్టుకోబోయింది.

"మహెక్, ముట్టొద్దు."

ఆమె పిల్ల చెయ్యి గుంజేసింది. వేలు దానికి తగలనే లేదు. అయినా బుర్ఖా అంచుతో ఆ చిన్న వేళ్లను ఒక్కొక్కటే తుడిచింది. మళ్లీ తుడిచింది. నుదుటి మీద చెమట పట్టింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

వైశాలి చేతిలోని పెట్టె కింద పెట్టేసింది.

పిల్లను బయట ఉన్న తండ్రి దగ్గరికి పంపి ఆమె వెనక్కి వచ్చింది. పక్కనున్న కార్డు మీద సొంతూరుతో సహా 'వైశాలి, తాండూరు' అని ఉంది. దాన్ని చదివింది. పెట్టె తెచ్చిన మనిషిని చూసి, వైశాలంటే మీరేనా అని అడిగింది. వైశాలి తలూపింది. ఆమె బాగా దగ్గరికొచ్చింది. ఆ జీవి నల్లటి గోరును చూపించి, గొంతు తగ్గించి, తాండూరు తెలుగులో అడిగింది.

"అక్కా, చిన్నగున్నప్పుడు మీరు గూడ గా లెక్కల సార్ ఇంటికే ట్యూషన్‌కు పోయిండ్రా?"