బావతో మహాయుద్ధం

యుద్ధం ప్రకటించింది నేనే. పరాయి దేశంలో, ఆరో అంతస్తు గదిలో, చక్రాల కుర్చీలోంచి.

నా కాళ్లు పడిపోయిన ఈ ఆరు నెలల్లో, నాతో ఉంటున్న మేనబావ నన్ను ఒక్క తిట్టూ తిట్టలేదు. "నీ ఇష్టంరా" అంటూ పసిపిల్లాడిలా ఎత్తి కుర్చీలో కూర్చోబెడుతున్నాడు. ఇవాళ ఏకంగా విమానం టికెట్టు చేతిలో పెట్టాడు.

"ఇక్కడ నీవల్ల కాదురా. ఇంటికెళ్లిపో."

"అడక్కుండా పంపెయ్యడానికి నేనేమన్నా పార్శిలా బావా?"

కుర్చీతో అతని కాలి ఎముకను గుద్దాను. రెండోసారి గుద్దితే నెత్తురొచ్చింది. మూడోసారికి అతనిలోని ధర్మరాజు పారిపోయాడు.

"దున్నపోతా!"

నా చెంప పేలింది. కుర్చీ తిరగబడింది. పెదవి చిట్లి నేలమీద పడ్డాను.

"దమ్ముంటే లేచి కొట్టరా!"

మరుక్షణం అతనికి నా కాళ్లు గుర్తొచ్చాయి. లేపడానికి చెయ్యి చాచాడు.

"ముట్టుకున్నావో, కొరుకుతా."

కుర్చీ నిలబెట్టి, బ్రేకు వేసి, మంచంకోడు పట్టుకుని, రెండుసార్లు జారిపడి, ఎవరి సాయమూ లేకుండా ఎక్కి కూర్చున్నాను. పావుగంట పట్టింది.

బావ అప్పటిదాకా కదల్లేదు. నాకు అందేలా వంగి చెంప చూపించాడు.

"ఊఁ, కానియ్. తర్వాత టికెట్టు రద్దు చేస్తా."

మర్యాదకి మెల్లగా కొడదామనుకున్నాను. కానీ ఆరు నెలలుగా మా కొంప ముంచింది ఆ మర్యాదే. గట్టిగానే కొట్టాను.