ఏ భావమూ లేని రెండు నిమిషాలు

తల్లి ముఖంలో రెండు నిమిషాలు ఏ భావమూ లేకపోతే బిడ్డలో ఏం జరుగుతుందన్నది నా పీహెచ్‌డీ అంశం. మెదడు సంగతి తీగల టోపీ చెబుతుంది, మనసు సంగతి మనోవిశ్లేషణ మేడమ్ చెబుతారు. ఇప్పటిదాకా పిల్లలందరూ గుక్కపట్టి ఏడ్చారు.

ఈ రోజు రావలసిన తల్లి రాలేదు. నా ఎనిమిది నెలల కూతురికే టోపీ పెట్టి, ఎదురుగా నేనే కూర్చున్నాను.

రెండు నిమిషాలూ అది గిలక్కాయతో హాయిగా ఆడుకుంది.

"చూశారా మేడమ్, నా బంగారం! పక్కనే పడుకోబెట్టుకుని రోజంతా థీసిస్ రాస్తాను మరి," అంటూ దాన్ని చూసి నవ్వాను.

అది గిలక్కాయ వదిలేసి బావురుమంది. తెరమీద గీతలు ఎగిరిపడ్డాయి.

మేడమ్ నా భుజమ్మీద చెయ్యి వేశారు.

"కంగారుపడకమ్మా. ఈ వయసు పిల్లలు కొత్త ముఖం కనబడితే ఇలాగే ఏడుస్తారు."