చంకనా, భుజానా?

"మీ ఇద్దరిలో ఒకడు కువైటీ. ఎవడో మీరే చెప్తారా, నన్ను కనుక్కోమంటారా?"

కబ్ద్ ఎడారి దారికి జీపు అడ్డంపెట్టి ఇరాకీ కెప్టెన్ అడిగిన మాటకు గొర్రెల కాపరి ఓబులేసు చేతికర్ర కింద పెట్టాడు. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి అప్పటికి పది రోజులు. కువైటీ కుర్రాళ్ళు కనిపిస్తే చాలు, పట్టుకుపోతున్నారు. పక్కన తన లుంగీ, తన చొక్కా వేసుకుని, మొహాన బూడిద పూసుకుని నిలబడ్డవాడు, తనను పనికి పెట్టుకున్న యజమాని, కఫీల్, ఒక్కగానొక్క కొడుకు ఫహద్. వాళ్ళమ్మ ఏడుస్తూ అప్పగించిన బిడ్డ. మందతో పాటు వాణ్ణి ఈ చెక్‌పోస్టు దాటిస్తే అవతల వాడి మేనమామ పొలం ఉంది. దాటించలేకపోతే ఆ తల్లికి మొహం ఎలా చూపించాలి?

"నోరు మెదపొద్దు నాయనా," అని వచ్చీరాని అరబ్బీలో దారి పొడుగునా చెప్తూనే వచ్చాడు ఓబులేసు. "కొత్తోడు సార్, పనేం రాదు, నేనే నేర్పిస్తాండా అని నేను చెప్తా."

అది విన్నప్పుడల్లా ఫహద్ ముసిముసిగా నవ్వేవాడు. ఓబులేసు అరబ్బీని వెక్కిరించడం వాడికి చిన్నప్పటి సరదా.

తీరా చూస్తే ఆ ముక్క చెప్పే సందే ఇవ్వలేదు కెప్టెన్.

"మాటలొద్దు. చెరొక గొర్రెపిల్లను ఎత్తుకుని ఆ పీపా దాకా వెళ్ళి రండి. కాపరి ఎవడో తెలిసిపోతుంది."

గొర్రెల మధ్య పుట్టి పెరిగిన ఓబులేసుకు అదొక లెక్కా? కానీ ఫహద్ జన్మలో గొర్రెను పళ్ళెంలో తప్ప ముట్టుకున్నవాడు కాదు!

ఏమైతే అదయిందని ఓబులేసు ఒక పిల్లను ఒడుపుగా చంకన ఇరికించుకుని నడిచాడు. కడప జిల్లాలో వాళ్ళ తాతా అంతే, నాన్నా అంతే.

ఫహద్ దిక్కులు చూశాడు. చూపు జీపు అద్దం మీద ఆగింది. అక్కడ అంటించిన చిన్న బొమ్మలో, గడ్డం మీసం లేని ఓ కుర్రాడు గొర్రెను భుజాల మీద వేసుకుని, కాళ్ళు గుండెల దగ్గర గుప్పిట పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఫహద్ అచ్చం అలాగే ఎత్తుకున్నాడు. పిల్ల బెదిరి వాడి వీపంతా తడిపేసింది. అయినా వాడు చలించలేదు.

"అద్గదీ!" కెప్టెన్ మొహం వెలిగిపోయింది. మెడలో శిలువ తీసి ముద్దు పెట్టుకున్నాడు. "జీపు మీద బొమ్మ చూశారా? రోములో, నేల కింది సమాధుల గోడ మీద మా తొలి క్రైస్తవులు వేసుకున్న ఏసుప్రభువు. పదిహేడు వందల ఏళ్ళ నాటిది. కాపరి అన్నవాడు గొర్రెను ఇలాగే మోస్తాడు!" అని, చంకన పిల్లతో ఉన్న ఓబులేసు వైపు తుపాకి తిప్పాడు. "దొరికావు!"

"నేనా!" ఓబులేసుకు భయం కన్నా ముందు రోషం వచ్చింది. "ముప్పయ్యేండ్లుగా గొర్లు కాస్తాండా సార్! ఆ బొమ్మ ఏసినాయప్ప ఒక్క దినమన్నా మంద ఎంబడి తిరిగినాడా? మెడమీదేసుకుంటే ఉచ్చ పోస్తాది సార్!"

"నటన బాగానే వచ్చు నీకు. పాస్‌పోర్టు ఏదీ?"

అదేమో కఫీల్ ఇంట్లో, బీరువాలో ఉంది. కెప్టెన్ సంకెళ్ళు తెమ్మన్నాడు.

తడిసిన చొక్కాతో ఫహద్ ముందుకొచ్చాడు. ఓబులేసు కళ్ళతోనే వద్దు వద్దని బతిమాలాడు. ఫహద్ వినలేదు. భుజాల మీద పిల్లను సర్దుకుని, అచ్చు ఓబులేసు వచ్చీరాని అరబ్బీలోనే కెప్టెన్‌తో అన్నాడు:

"కొత్తోడు సార్. పనేం రాదు. నేనే నేర్పిస్తాండా."