పందికొక్కు ఆటబొరియ

పందికొక్కు ఆటల కోసం పెద్ద బొరియ తవ్విస్తోందనీ, తొలకరి నాడే తెరుస్తుందనీ నెమలి అడవంతా చాటింది. లోపలికి వెళ్ళే రుసుముగా ఉడుత దాచుకున్న వేరుశెనగలన్నీ పందికొక్కుకు ముందే ఇచ్చేసింది.

తొలకరి నాడు సంబరంగా బొరియలో దూరింది. రెండో మలుపులో నేల కుంగి మెడదాకా బురదలో దిగబడింది. వెనకాలే వస్తున్న కుందేలు నింపాదిగా, "అక్కడ కళ్ళు మూసుకుని వెనక్కి నడవాలి వదినా. అందరం అలాగే దాటుతున్నాం," అంది.

ఉడుతకు ఒళ్ళు మండిపోయింది. బయటికొచ్చి పందికొక్కును నిలదీసింది. "ఆ గొయ్యి సంగతి నీకు తెలీదా మామా?"

"తెలుసమ్మా. ఇంకా గడువు కావాలని తవ్వే ఎలుకలు మొత్తుకున్నాయి. నెమలి చాటేశాక ఆగితే నా పరువేం కావాలి? మీరు ఆడుతూ ఉండండి, పడ్డచోటల్లా పూడ్పిస్తాను."

"గింజలూ మేమే ఇచ్చి, నీ గోతులూ మేమే పడి వెతికిపెట్టాలా? సిగ్గుండాలి. ఇక జన్మలో నీ గడప తొక్కను."

మరుసటి తొలకరికి ఇంతకంటే పెద్ద బొరియ వస్తోందని నెమలి మళ్ళీ గొంతెత్తింది. పాత గోతులు పూడాయా అని ఒక్కరూ అడగలేదు. గింజలు కట్టే వరుసలో అందరికంటే ముందు ఉడుత నిలబడింది.

"ఏం వదినా, ఈసారి తిట్టవేం?" అంది కుందేలు.

ఉడుత నోటినిండా వేరుశెనగలున్నాయి.