పక్క సీటు

"మన సీటు గూడెం వాళ్ళకి అమ్మేశారా? ఇంకెవరూ దొరకలేదాండీ?"

రూబీకి నిజంగానే కోపం వచ్చింది. ఏలూరు ఫుట్‌బాల్ జట్టు ఆటలకి పెళ్ళైనప్పటి నుంచీ ఏటా రెండు సీజన్ టికెట్లు కొంటున్నారు. అందులో ఒకటి తాడేపల్లిగూడెం అభిమానికి అమ్మడమంటే ఊరంతా తిట్టిపోసే పని.

"నాకు ఆఫీసులో ఆడిట్. సీటు ఖాళీగా ఎందుకు?" అన్నాడు జయంత్ చెప్పులు వేసుకుంటూ. "నువ్వు మాత్రం మానకు. సరదాగా వెళ్ళిరా."

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె సరదా గురించి అతను మాట్లాడటం అదే మొదలు. పాపని పక్కింటి వరమ్మ గారికి అప్పగించి వెళ్ళింది.

చుట్టూ నీలం జెర్సీలు. మధ్యలో పసుపు జెర్సీ వేసుకుని ఒకతను వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మీరే కాపాడాలండీ. మీవాళ్ళు నన్ను కొల్లేట్లో కలిపేసేలా ఉన్నారు."

నవ్వకూడదనుకుంది. నవ్వేసింది. పేరు సుకుమార్ అన్నాడు.

గూడెం జట్టు ఆ సీజన్లో మూడుసార్లు ఏలూరు వచ్చింది. మూడుసార్లూ జయంత్ సీటు అతనికే అమ్మాడు.

రెండోసారి వేరుశనక్కాయల పొట్లం తెచ్చాడు సుకుమార్. "పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నారా అండీ? మొహం పీక్కుపోయింది" అన్నాడు. ఆ మాట ఆమెని ఎవరైనా అడిగి ఎంత కాలమైందో! గూడెం గోల్ కొట్టినా అతను ఆలస్యంగా లేచేవాడు. తన కబుర్లలో పడి ఆట మర్చిపోతున్నాడని లోలోపల మురిసిపోయింది. ఇంటికెళ్ళాక జయంత్ దగ్గర అతని ఊసెత్తలేదు.

మూడోసారి, ఆట చివర్లో ఏలూరుకి పెనాల్టీ వచ్చింది. రూబీ కళ్ళు మూసుకుంది. అతను చెయ్యి పట్టుకున్నాడు. ఆమె వెనక్కి తీసుకోలేదు. గోల్ పడి స్టేడియమంతా లేచి గంతులేస్తున్నా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

ఫోటో ఎవరు తీశారో తెలియదు. ఆదివారం ఆరాధన అయ్యేసరికి వాళ్ళు వెళ్ళే వట్లూరు చర్చి సంఘంలో అందరి ఫోన్లలోనూ ఉంది. అతని మొహం కనపడలేదు. పసుపు జెర్సీ వీపు, పట్టుకున్న చెయ్యి, రూబీ మొహం.

సంఘ పెద్ద సత్యానందం గారు ఇంటికొచ్చి బల్ల మీద బైబిల్ పెట్టారు. "నీ మనసులో ఏమీ లేదని దీనిమీద చెయ్యి పెట్టి చెప్పమ్మా. ఇంతటితో వదిలేద్దాం."

రూబీ చెయ్యి పెట్టలేకపోయింది. మనసులో ఉంది మరి.

జయంత్ తలవంచుకుని కూర్చున్నాడు. ఒక్క మాట తిట్టలేదు. అదే ఆమెని కుంగదీసింది. తర్వాత అతను తెచ్చిన విడాకుల కాగితాల మీద సంతకం పెట్టి, అతని కాళ్ళు పట్టుకుని ఏడ్చింది.

"మీలాంటి మనిషికి అన్యాయం చేశానండీ."

"దేవుడు నిన్ను క్షమిస్తాడులే" అన్నాడు జయంత్.

పాపని అడిగే మొహం లేక అతని దగ్గరే వదిలేసి, కలిదిండిలో ఉన్న తల్లి దగ్గరికి చేరింది. సుకుమార్ ఇచ్చిన ఫోన్ నంబరు ఆ తర్వాత కలవలేదు. తనవల్ల అతనికెంత కష్టం వచ్చిందోనని అతని కోసం కూడా ప్రార్థన చేసింది.

మరుసటి ఏడాది గూడెంలో జయంత్ పెళ్ళి చేసుకున్నాడని తెలిసి, పోనీలే, ఆయనైనా సుఖపడాలనుకుంది. పాప కొత్త గౌనులో ఎలా ఉందో చూడాలనిపించి, వరమ్మ గారిని బతిమాలి, ఎవరు ఏమవుతారో వెనక రాయించి, పెళ్ళి ఫోటో ఒకటి తెప్పించుకుంది.

తెల్ల చీరలో ఉన్న పెళ్ళికూతురి పక్కన, పాపని ఎత్తుకుని నవ్వుతూ నిలబడి ఉన్నాడు పెళ్ళికూతురి సొంత అన్నయ్య, సుకుమార్.